ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టని రాత్రి

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్నాయన ఎవరో గానీ ఖచ్చితంగా ఒంటితో కష్టపడి పనిచేసినవాడై ఉంటాడు. పొద్దంతా నాగలి పట్టినవాడికి గట్టు మీద కూడా నిద్దరొస్తుంది. పొద్దంతా కుర్చీలో కూచుని తెర కేసి చూసేవాడికి ఏసీ గదిలో, మెత్తటి పరుపు మీద కూడా రాదు. ఈ సంగతి నాకు 2018లో బాగా అర్థమైంది.

అప్పట్లో మా టీము ఒక పాత సిస్టమ్‌ని కొత్త చోటికి మార్చే పనిలో ఉంది. క్లయింటు అమెరికాలో, మేం హైదరాబాదులో. వాళ్ళ రాత్రి మా పగలు, వాళ్ళ పగలు మా రాత్రి, మొత్తానికి రెండూ మాకే. అయిదు నెలలు అలా నడిచింది. మొదట పన్నెండింటికి పడుకుంటే రెండింటికి మెలకువ వచ్చేది. తర్వాత అసలు పట్టడమే మానేసింది. ఒక తెల్లవారుజామున నాలుగింటికి, మగతలో, టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలు డేటాబేస్‌లో ఒక టేబుల్ ఖాళీ చేసేశాను. బ్యాకప్ ఉంది కాబట్టి బతికాను. ఆ రోజు నుంచి అసలు భయం మొదలైంది. అంతకుముందు పని గురించి దిగులు, ఆ తర్వాత నిద్ర గురించే దిగులు.

ఆ రోజుల్లోనే, నిద్ర రాని రాత్రుళ్ళు ఏదో ఒకటి చదువుదామని భారతం వచనం తీశాను. ఉద్యోగపర్వం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే అక్కడ నాలాంటివాడే ఇంకొకడు కనిపించాడు.

సంజయుడు ఉపప్లావ్యం వెళ్ళి పాండవులతో మాట్లాడి హస్తినకి తిరిగొచ్చాడు. వచ్చేసరికి రాత్రయింది. ధృతరాష్ట్రుడు ఆత్రంగా ఏమన్నారని అడిగాడు. సంజయుడు ముందు నాలుగు చీవాట్లు పెట్టి, 'రథంలో ప్రయాణం చేసి అలిసిపోయాను, పడుకుంటాను, ధర్మరాజు ఏమన్నాడో రేపు పొద్దున సభలో అందరి ముందూ చెప్తాను' అని వెళ్ళిపోయాడు. అయ్యా, ఇంతకంటే దారుణం ఉంటుందా? శుక్రవారం సాయంత్రం మేనేజరు "సోమవారం ఒకసారి మాట్లాడాలి" అని ఒక్క ముక్క రాసి లాగవుట్ అయిపోవడం ఇదే కదా! సంజయుడు హాయిగా పడుకున్నాడు. ముసలాయనకి ఒళ్ళు మండిపోయింది, నిద్ర రాలేదు. విదురుణ్ణి పిలిపించాడు.

మనం విదురనీతి అని గోడలకి తగిలించుకునే వాక్యాలన్నీ ఆ రాత్రి చెప్పినవే. సంస్కృతంలో ఆ భాగం పేరే ప్రజాగర పర్వం. ప్రజాగరం అంటే నిద్రలేమి. మన 'జాగారం' కూడా అక్కడి చుట్టమే. (శివరాత్రికి చేస్తే పుణ్యం, మంగళవారం చేస్తే జబ్బు.) నీతి పాఠంగా మనకి అలవాటైన ఆ భాగం అసలు మొదలయ్యేది ఒక రోగి, 'నిద్ర పట్టడం లేదు, ఏదైనా చెప్పు' అని అడగడంతో.

విదురుడు వెంటనే నీతులు ఎత్తుకోడు. మంచి డాక్టరులాగా ముందు జాబితా చదువుతాడు. బలవంతుడితో పేచీ పెట్టుకున్న బలహీనుడు, ఆధారం లేనివాడు, సొమ్ము పోగొట్టుకున్నవాడు, కాముకుడు, దొంగ.. వీళ్ళకి నిద్ర పట్టదు అంటాడు. ఆ తర్వాత మెల్లగా అడుగుతాడు. వీటిలో ఏదీ నీకు లేదు కదా? పరాయి సొమ్ము మీద ఆశపడి తపించిపోవడం లేదు కదా? చురక అంటే అది. రాజ్యం ఎవరిది, ఎవరు అనుభవిస్తున్నారు అన్నది ఇద్దరికీ తెలుసు.

తెల్లవార్లూ విదురుడు చెప్తూనే ఉన్నాడు. అది చాలక సనత్సుజాతుణ్ణి రప్పించి వేదాంతం కూడా చెప్పించాడు. ధృతరాష్ట్రుడు అన్నిటికీ 'నువ్వన్నది నిజమే' అన్నాడు. కానీ మధ్యలోనే ఇంకో మాట కూడా ఒప్పుకున్నాడు. నీ మాట వింటే మనసు అటే మొగ్గుతుంది గానీ, దుర్యోధనుడి దగ్గరికి వెళ్ళగానే మళ్ళీ తిరిగిపోతుంది అన్నాడు. నాకు ఆ ముసలాయన మీద మొదటిసారి జాలేసింది. నిద్ర పట్టని మనిషికి కారణం తెలియక కాదు. కారణం తెలిసీ దాన్ని ఏమీ చేయలేకపోవడం. నాకూ తెలుసు, ఆ ప్రాజెక్టు తేదీలు అసాధ్యమని. మీటింగులో మాత్రం అందరితోపాటు తలూపి వచ్చేవాణ్ణి.

యుద్ధానికి ముందు ఇలాంటి రాత్రి ఒకటైతే, యుద్ధం అయిపోయాక ఇంకొకటి ఉంది. సౌప్తికపర్వంలో. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అడవిలో మర్రిచెట్టు కింద చేరారు. మిగతా ఇద్దరూ కటిక నేల మీద పడి నిద్రపోయారు. అశ్వత్థామకి పట్టలేదు. ఆ చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూశాడు. వెంటనే ఐడియా వచ్చింది. మేనమామని లేపి చెప్పాడు. కృపుడు పాపం చాలా తెలివైన సలహా ఇచ్చాడు. నువ్వు అలిసిపోయావు, ఈ రాత్రికి పడుకో, పొద్దున లేచి అందరం కలిసి యుద్ధం చేద్దాం అని. దానికి అశ్వత్థామ చెప్పిన జవాబు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బాధలో ఉన్నవాడికి, కోపంతో ఉన్నవాడికి, లెక్కలు వేసుకుంటున్నవాడికి, కోరికతో ఉన్నవాడికి నిద్ర ఎక్కడిది? అంటాడు. దాదాపు విదురుడి జాబితానే. ఈసారి రోగి నోటినుంచి వచ్చింది. ఆ రాత్రి ఏం జరిగిందో అందరికీ తెలుసు, నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపేశాడు. రాత్రి మూడింటికి వచ్చిన ఏ ఐడియానీ అప్పటికప్పుడు అమలు చేయకూడదని నేను ఆ టేబుల్ ఖాళీ చేసిన రోజున నేర్చుకున్నా. తెలుగులో ఈ రెండు రాత్రులూ తిక్కన గారి చేతి మీదుగానే వచ్చాయి, విరాటపర్వం నుంచి చివరిదాకా ఆయనదే కాబట్టి.

భారతంలో నిద్ర పట్టనివాళ్ళుంటే, రామాయణంలో నిద్ర వద్దన్నవాడున్నాడు. పద్నాలుగేళ్ళు లక్ష్మణుడు నిద్రపోలేదని, ఆ నిద్రంతా ఇక్కడ ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్ళ పాట చెప్తుంది. 'ఊర్మిళాదేవి నిద్ర' పేరు అందరూ వినే ఉంటారు. నాకు ఇంకా ఇష్టమైనది 'లక్ష్మణదేవర నవ్వు'. పట్టాభిషేకం అయి నిండు సభ జరుగుతుంటే, అడవిలో తను ఆపేసిన నిద్రాదేవి అన్న మాట ప్రకారం సరిగ్గా అప్పుడే లక్ష్మణుడి దగ్గరికి వస్తుంది. ఆయనకి నవ్వొస్తుంది. ఎందుకు నవ్వాడో తెలియక సభలో ప్రతివాళ్ళూ తమ గుట్టు గుర్తొచ్చి నవ్వాడనుకుని తలలు దించుకుంటారు. ఈ పాటలు కట్టిన అమ్మలెవరో గానీ, నిద్ర అనేది అప్పులాంటిదని, పక్కకి నెట్టినంత మాత్రాన మాఫీ అయిపోదని వాళ్ళకి తెలుసు. వెల్చేరు నారాయణరావు గారు ఈ స్త్రీల రామాయణం పాటల మీద ఇంగ్లీషులో మంచి వ్యాసం రాశారు, 1991లో వచ్చిన ఒక సంకలనంలో.

అసలు ఈ అప్పు ఎలా తీరుతుంది? 1963 డిసెంబరు చివర్లో శాన్‌డియేగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ కుర్రాడు, స్కూలు సైన్సు ప్రదర్శన కోసం నిద్రపోకుండా ఉండటం మొదలుపెట్టాడు. 264 గంటలు, అంటే 11 రోజులు మేలుకున్నాడు. స్టాన్‌ఫోర్డ్ నుంచి విలియం డిమెంట్ అనే నిద్రా శాస్త్రవేత్త వచ్చి దగ్గరుండి చూశాడు. అయ్యాక పడుకుంటే సుమారు 14 గంటలు పోయి లేచాడు, అంతే. అంటే గంటకి గంట చొప్పున తీర్చక్కర్లేదన్నమాట. ఇది వినగానే ఊరట కలిగింది. పెద్దయ్యాక తనకి భయంకరమైన నిద్రలేమి పట్టుకుందని గార్డ్‌నర్ స్వయంగా చెప్పుకున్నాడని తర్వాత చదివాను. ఊరట పోయింది :)

సరే, మన వైద్యులేమన్నారు? చరక సంహితలో శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతాల్లో నిద్ర ఒకటి, ఆహారం, బ్రహ్మచర్యం మిగతా రెండు. నిద్ర పట్టకపోవడానికి చరకుడు చెప్పిన కారణాల్లో మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? 'కార్యం'. అంటే పని! తర్వాతే కాలం, రోగం, స్వభావం, వాతం. రెండువేల ఏళ్ళ నాటి పుస్తకంలో నా జబ్బు మొదటి స్థానంలో ఉండటం చూసి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. వైద్యం కూడా బాగుంటుంది. ఒంటికి నూనె పట్టించడం, స్నానం, మాంసరసం, పెరుగన్నం, పాలు, నెయ్యి, మద్యం, మనసుకి ఇష్టమైన వాసనలు, శబ్దాలు. గేదెపాలు నిద్ర రానివాళ్ళకి మంచివని ఇంకోచోట ప్రత్యేకంగా ఉంది. నేను పెరుగన్నం, గేదెపాలు ప్రయత్నించాను. ఒళ్ళు మాత్రం చేశాను. (మద్యం గురించి ఇప్పటి వైద్యులు ఒప్పుకోరు. త్వరగా పడుకోబెడుతుంది, అర్ధరాత్రి లేపి కూచోబెడుతుంది.)

ఇక్కడ ఇంకో సంగతి. నా ఇబ్బందిలో సగం, నడిరాత్రి మెలకువ రావడమే. రెండింటికి కళ్ళు తెరుచుకుంటాయి. వెంటనే ఫోనులో టైము చూడటం, ఇంకా నాలుగు గంటలే ఉంది అని లెక్క, ఆ లెక్కతో గుండె దడ. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఎనిమిదింటికల్లా పడుకునేది. ఏ రెండింటికో లేచేది. చుట్ట వెలిగించుకుని అరుగు మీద కూచునేది, లేదా పశువులకి ఇంత గడ్డి వేసి వచ్చేది. మళ్ళీ కోడి కూసేలోపు ఒక కునుకు. "నిద్ర పట్టలేదా నానమ్మా?" అని అడిగితే "ఒక నిద్ర అయిందిగదరా" అనేది. ఒక నిద్ర అయింది! మన వైపు ఈ మాట మామూలే, 'ఒక నిద్ర తీసి లేచా' అంటాం. దాని వెనక ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు.

అమెరికాలో వర్జీనియా టెక్‌లో రోజర్ ఎకర్చ్ అనే చరిత్రకారుడు రాత్రి చరిత్ర రాద్దామని పాత కాగితాలు తిరగేస్తుంటే సరిగ్గా ఈ మాటే తగిలింది. కోర్టు వాంగ్మూలాల్లో, డైరీల్లో, వైద్య గ్రంథాల్లో 'మొదటి నిద్ర' అన్న మాట, ఎలాంటి వివరణా లేకుండా, అందరికీ తెలిసిన విషయంలాగా. చాసర్ కథల్లో కూడా ఉంది. 2001లో వ్యాసం, 2005లో పుస్తకం రాశాడు. కరెంటు లేని రోజుల్లో ఐరోపా జనం సాయంత్రం ఒక నిద్ర తీసి, నడిరాత్రి ఒక గంటో రెండు గంటలో మేలుకుని, ప్రార్థనలో, కబుర్లో, పొయ్యి చూసుకోవడమో చేసి, మళ్ళీ రెండో నిద్రకి పోయేవారని ఆయన వాదన. వీధి దీపాలు, ఫ్యాక్టరీ గంటలు వచ్చాక, పందొమ్మిదో శతాబ్దంలో ఆ రెండు నిద్రలూ కలిసి ఒకటయ్యాయట. అంతకుముందే 1990ల మొదట్లో థామస్ వేర్ అనే ఆయన కొందర్ని నెల రోజులపాటు రోజుకి 14 గంటలు చీకట్లో ఉంచితే, వాళ్ళ నిద్ర తనంతట తనే రెండు ముక్కలయింది.

ఇంటర్నెట్లో చాలామంది ఇది చదివి, ఏకబిగిన పోయే నిద్ర అసహజం అని తీర్మానించేశారు. నేను అంత దూరం వెళ్ళను. 2015లో టాంజానియాలో హడ్జా, దక్షిణాఫ్రికా వైపు శాన్, బొలీవియాలో త్సిమానే, ఇలా కరెంటు దీపాల మీద ఆధారపడని మూడు జాతుల వాళ్ళకి చేతికి పరికరాలు కట్టి చూశారు. వాళ్ళు చీకటి పడ్డ మూడు గంటల తర్వాత గానీ పడుకోవట్లేదు. నిద్ర సగటున 6 నుంచి 7 గంటల దరిదాపుల్లోనే. రెండు ముక్కల నిద్ర రివాజుగా కనిపించలేదు. కాబట్టి అది చలికాలంలో రాత్రులు సుదీర్ఘంగా ఉండే చోట్ల అలవాటై ఉండొచ్చు. మా నాయనమ్మ ఒక్కతీ ఆంధ్రదేశం మొత్తానికి సాక్ష్యం కాదు. కానీ నాకు కావలసిన ముక్క మాత్రం ఎకర్చ్ దగ్గర దొరికింది. నడిరాత్రి లేచిన మనిషి చరిత్రలో ఎప్పుడూ ఉన్నాడు, ఆ లేవడాన్ని జబ్బు అనుకోకుండా బతికాడు.

మరి ఈ 8 గంటల నిద్ర లెక్క ఎక్కడిది? ఇప్పటి వైద్యులు పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలు కావాలనే చెప్తున్నారు, దాన్ని కాదనను. కానీ రోజుని మూడు ఎనిమిదులుగా చేయాలన్న నినాదం మాత్రం కార్మికులది. రాబర్ట్ ఓవెన్ 1817లో అన్నాడంటారు, ఎనిమిది గంటలు పని, ఎనిమిది వినోదం, ఎనిమిది విశ్రాంతి అని. మిల్లుల్లో పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేయించే రోజులవి. 1886 మే ఒకటిన అమెరికాలో సమ్మెకి దిగిందీ దీనికోసమే. అంటే మన 8 గంటల నిద్ర మొదట ఒక డిమాండు. ఐటీలో మనం ఆ మొదటి ఎనిమిదిని పన్నెండు చేసుకుని, మూడో ఎనిమిది మాత్రం యాప్‌లో ఆకుపచ్చగా కనిపించాలని ఆశపడుతున్నాం.

మందుల చరిత్ర గురించి పెద్దగా రాయను, చదివితే ఉన్న నిద్ర పోతుంది. లీబిగ్ 1832లో తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్ నిద్ర తెప్పిస్తుందని 1869లో తెలిసింది. అలవాటు పడి చితికిపోయినవాళ్ళు మిగిలారు. 1903లో బార్బిటాల్, దాని వెనక బార్బిట్యురేట్ల వరస. మోతాదు కాస్త ఎక్కువైతే ప్రాణం పోయేది. దానికి విరుగుడుగా, ఎంత మింగినా ప్రమాదం లేదంటూ 1957లో జర్మనీలో అమ్మకానికి పెట్టిన నిద్రమాత్రే థాలిడొమైడ్. గర్భిణులు కూడా వాడారు. కాళ్ళూ చేతులూ సరిగా లేని పిల్లలు వేలమంది పుట్టాక 1961 నవంబరులో ఆపారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని సంతకం పెట్టకపోవడం వల్ల ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. మన సర్పగంధ వేరుని బీహారులో 'పాగల్ కీ దవా' అనేవారు. పిచ్చికీ, నిద్రకీ ఇచ్చేవారు. 1931లో సేన్, బోస్ దాని గురించి రాశారు, 1952లో స్విట్జర్లాండులో దానిలోంచి రిసర్పిన్ తీశారు. రక్తపోటుకి పనికొచ్చింది గానీ దిగులు పెంచుతుందన్న పేరూ తెచ్చుకుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే జోల్పిడెం మోతాదుని కూడా, ఆడవాళ్ళకి సగానికి తగ్గించమని 2013లో అమెరికా వాళ్ళు చెప్పారు, మర్నాడు పొద్దున కూడా ఒంట్లో మిగిలి ఉంటోందని.

నేను కూడా ఒక స్నేహితుడి మాట విని మూడు వారాలు 'అర ముక్క' వేసుకున్నా. అరముక్క ఒక ముక్క అయ్యేసరికి మా ఆవిడ "ఏమండీ, ఇది మానేస్తారా, మీ అమ్మగారికి చెప్పమంటారా" అంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెప్పిన దాంట్లో నాకు తల తిరిగిన విషయం ఒకటుంది. అప్పటికి ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలు. క్లయింటు సంతోషంగా ఉన్నాడు. పని ఒత్తిడి లేదు. నిద్ర మాత్రం రాలేదు. ఎందుకని అడిగితే స్పీల్‌మన్ అనే సైకాలజిస్టు పేరు చెప్పాడు. నిద్రలేమిని మొదలుపెట్టే కారణం ఒకటి, దాన్ని నిలబెట్టే కారణం ఇంకొకటి అని ఆయన 1987లో తేల్చాడు. ఒత్తిడి మొదలుపెడుతుంది. తర్వాత మనం నిద్ర కోసం చేసే ప్రయత్నాలే దాన్ని కొనసాగిస్తాయి. నేనేం చేసేవాణ్ణి? రాత్రి సరిపోలేదని తొమ్మిదిన్నరకే పక్కెక్కేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు లాగించేవాణ్ణి. పక్క మీద తొమ్మిది గంటలు, అందులో నిద్ర అయిదు. మిగతా నాలుగూ పైకప్పు చూస్తూ. మంటలు ఆరిపోయాక కూడా నేను రోజూ కట్టెలు వేస్తూనే ఉన్నానన్నమాట.

వైద్యం వినడానికి పిచ్చిగా ఉంటుంది. పక్క మీద గడిపే టైము తగ్గించాలి. నాకు రాత్రి పన్నెండున్నర నుంచి పొద్దున ఆరు వరకే అనుమతి. రెండోది, 1972లో రిచర్డ్ బూట్‌జిన్ రాసిన పద్ధతి. నిద్రొస్తేనే పడుకోవాలి, పావుగంట ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోవాలి, ఎన్నింటికి పట్టినా లేచే టైము మారకూడదు, పగలు కునుకు లేదు. 2016లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ, దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ తరహా వైద్యమే చేయమంది. (డ్రైవింగు చేసేవాళ్ళు, మూర్ఛ వంటివి ఉన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టకండి. డాక్టరుని అడగండి.)

మొదటి పది రోజులు నరకం. కారు వదిలేసి మెట్రోలో వెళ్ళాను. పదకొండింటికే కళ్ళు మూతలు పడుతుంటే, పన్నెండున్నర ఎప్పుడవుతుందా అని హాల్లో పచార్లు చేసేవాణ్ణి. నిద్ర కోసం నెలల తరబడి ఏడ్చినవాణ్ణి, వచ్చిన నిద్రని గుమ్మం దగ్గర నిలబెట్టాను, అచ్చం లక్ష్మణుడిలాగా. మూడో వారంలో ఒకరోజు పక్కమీద వాలగానే పట్టేసింది. అలారం మోగేదాకా తెలియలేదు. అప్పుడు వారానికి పావుగంట చొప్పున టైము పెంచుకుంటూ వచ్చాం, ఆరున్నర గంటల దగ్గర ఆగాం.

పడకగదిలో గడియారం తీసేశాం, ఫోను వంటింట్లో చార్జింగు. ఇప్పటికీ నెలకి రెండుమూడు సార్లు నడిరాత్రి మెలకువ వస్తుంది. టైమెంతో చూడను. హాల్లో కిటికీ పక్క కుర్చీ ఉంది, భారతం అక్కడే ఉంటుంది. మా ఆవిడ సగం నిద్రలో "మళ్ళీ లేచారా?" అంటే, "ఒక నిద్ర అయిందే" అని చెప్పి వెళ్ళి కూచుంటాను. ప్రస్తుతం శాంతిపర్వంలో ఉన్నాను, అది చదువుతుంటే మటుకు పదిహేను నిమిషాలు కూడా పట్టడం లేదు.